సెలే నది వెంట సైకిల్ మీద: ఫిజాక్ నుంచి కాఓర్ దాకా

ఫ్రాన్స్‌లో సైకిల్ యాత్ర అనగానే చాలామంది లువార్ నది పేరే చెబుతారు. దారంతా చదును, పక్కనే రాజుల కోటలు, మలుపు మలుపుకీ సైకిల్ గుర్తులు. మంచి దారే. కానీ బండ్ల రొద లేని రోడ్డు, రెండు పక్కలా కొండ, పక్కనే పారే నీళ్ళు కావాలనుకునేవాళ్ళని నేను నైరుతి ఫ్రాన్స్‌లోని లోట్ జిల్లాకి వెళ్ళమంటాను. అక్కడ కూడా అందరికీ తెలిసిన లోట్ నది వెంట కాకుండా, అందులో కలిసే చిన్న నది సెలే వెంట వెళ్ళమంటాను. నేను తూలూజ్‌లో ఉంటాను కాబట్టి నాకిది దగ్గరే. ఈసారి విజయవాడ నుంచి వచ్చిన మా చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. కొండ రోడ్ల మీద తను సైకిల్ తొక్కడం ఇదే మొదలు. పైగా గుడ్డు కూడా ముట్టదు.

ఫిజాక్‌లో మొదలుపెట్టి కాఓర్‌లో ముగిస్తే హాయి. నది ఎటు పారుతుందో మనమూ అటే పోతాం కాబట్టి మొత్తం మీద దారి కిందికే దిగుతుంది. 70 పైచిలుకు కిలోమీటర్లు. గట్టిగా తొక్కేవాళ్ళకి ఒక్క రోజు పని. కానీ అలా చేస్తే ఇంత దూరం వచ్చి రోడ్డు మాత్రమే చూసినట్టవుతుంది. మధ్యలో కనీసం రెండు రాత్రులు ఆగాలి.

ఫిజాక్‌కి సగం రోజు ఇవ్వండి. ఈజిప్టు చిత్రలిపి గుట్టు 1822లో విప్పిన షాంపోలియన్ 1790లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన పుట్టిన ఇంటిని కలుపుకుని ప్రపంచ లిపుల మ్యూజియం పెట్టారు. దాని వెనక చిన్న ఆవరణలో, ఆ గుట్టు విప్పడానికి తోడ్పడిన రోజెట్టా శిలని నల్లరాతి మీద ఎన్నో రెట్లు పెద్దదిగా చెక్కి నేలంతా పరిచారు. ఆ అక్షరాల మీద నడుచుకుంటూ వెళ్ళొచ్చు. మ్యూజియం ఎంత బాగున్నా నాకు ఆ ఆవరణే ఎక్కువ నచ్చింది, దానికి టికెట్ కూడా లేదు.

ఊరు దాటాక మొదటి కొన్ని కిలోమీటర్లు కార్లు వస్తాయి, ఓర్చుకోవాలి. లోయలోకి వెళ్ళే డీ 41 రోడ్డు ఎక్కాక పరిస్థితి మారిపోతుంది. ఒక పక్క సున్నపురాతి గుట్టలు నిలువుగా లేచి ఉంటాయి, కొన్ని చోట్ల రాయి రోడ్డు మీదికి గొడుగులా వంగి ఉంటుంది. ఇంకో పక్క అక్రోట్ తోటలు, మొక్కజొన్న, వాటి అవతల ఆకుపచ్చటి నది. "అక్కా, ఇక్కడ అసలు బండ్లే రావా?" అని చెల్లెలు రెండు మూడు సార్లు అడిగింది. వస్తాయి, కానీ వచ్చినవాళ్ళు వెనకాలే నెమ్మదిగా ఆగి, చోటు దొరికాకే దాటి వెళ్తారు. చదునుగా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. రోడ్డు నది పక్కనే ఉంటూ ఉన్నట్టుండి గుట్ట అంచుకి ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. పెద్ద ఎక్కుళ్ళు లేవు గానీ చిన్నవి ఆగకుండా వస్తూనే ఉంటాయి. ముందు గేరు ఒక్కటే ఉన్న ఊరి సైకిళ్ళు ఇక్కడ పనికిరావు. అద్దెకి తీసుకునేటప్పుడు, బరువుతో ఎక్కడానికి సరిపోయే తేలిక గేర్లు ఉన్నాయో లేదో ఎక్కి తొక్కి చూడండి.

మొదటి రాత్రికి ఎస్పాన్యాక్-సాంత్-ఎలాలీ. నది ఒడ్డున పాత సన్యాసినుల మఠం, దాని చుట్టూ గుప్పెడు ఇళ్ళు, అంతే ఊరు. మఠం గంటగోపురం పై భాగం చెక్క చట్రంలో ఇటుకలు పేర్చి కట్టింది, దాని మీద కోసుగా పైకప్పు. రాతి గోడల మధ్య ఆ ఎర్రటి ఇటుకని సాయంత్రం ఎండలో చూడాలి. మఠం పాత గదుల్లోనే బస ఏర్పాటు ఉంది.

బస గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ దారికి అసలు బలం అదే. ఫ్రాన్స్‌లోని ల ప్యుయి ఊరి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగోకి నడిచే యాత్రికుల దారి ఫిజాక్ మీదుగా పోతుంది, దాని చీలిక ఒకటి ఈ సెలే లోయలోంచే వెళ్తుంది. వాళ్ళ కోసం ఊరూరా 'జీత్ దేతాప్' అనే సత్రాలు ఉన్నాయి. మన దగ్గర తీర్థయాత్రల సత్రం ఎలాగో ఇదీ అలాగే: నాలుగైదు మంచాల గది, అందరికీ కలిపి స్నానాల గదులు, వంటగది. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. నల్లుల భయంతో చాలా చోట్ల బ్యాగుల్ని కూడా కిందే పెట్టమంటారు. దుప్పటి ఇస్తారు గానీ పక్క మీద పరుచుకునే గుడ్డ సంచి మనదే. సైకిల్ మీద వచ్చినవాళ్ళని కూడా సంతోషంగానే రానిస్తారు, కాకపోతే ముందే ఫోన్ చేసి చెప్పాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉండేవి ఎక్కువ.

రాత్రి భోజనం ఏడింటికి, ఒకే బల్ల మీద అందరికీ. మేము దిగిన ఒక సత్రంలో పెద్దావిడ ఫోన్‌లోనే అడిగి తెలుసుకుంది: మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలు, వెన్న పరవాలేదు అని. వెళ్ళేసరికి బఠాణీ పప్పు, క్యారెట్టు, థైమ్ వేసి ఉడికించిన చిక్కటి సూపు, వెల్లుల్లితో వేయించిన బంగాళదుంపలు, అక్రోట్ పప్పు చల్లిన ఆకుకూరల సలాడ్ సిద్ధంగా ఉన్నాయి. చెల్లెలు బ్యాగులోంచి కారప్పొడి తీసి కాస్త సిగ్గుపడుతూనే బల్ల మీద పెట్టింది. ఆ పెద్దావిడ సూపులో కలుపుకుని తిని, ఇంకొంచెం అడిగి చిన్న గిన్నెలో దాచుకుంది.

రెస్టారెంట్లలో ఇంత సుఖం లేదు. ఈ ప్రాంతం బాతు మాంసానికి పేరు పడింది, మెనూ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. శాకాహారికి మిగిలేది వేడి మేకపాల చీజ్ వేసిన సలాడ్. ఇక్కడి రోకామదూర్ చీజ్ బిళ్ళలు చాలా బాగుంటాయి, కానీ ఫ్రాన్స్‌లో సంప్రదాయ పద్ధతిలో చేసే చీజ్‌లకి ఎక్కువగా పాలని విరగ్గొట్టడానికి జంతువుల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. నిష్ఠగా ఉండేవాళ్ళు ఇది తెలుసుకుని నిర్ణయించుకోవాలి. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం అంతా చిన్న ఊళ్ళలో కొట్లు ఉండవు. రొట్టె, పండ్లు, వేరుశెనగలు బ్యాగులో ఉండాల్సిందే. నీళ్ళకి ఊరి శ్మశానం గేటు దగ్గర కుళాయి వెతకండి. తాగడానికి పనికిరాని నీరైతే బోర్డు పెడతారు.

బ్రాంగ్ దాటాక మార్సియాక్ వస్తుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సాగిన వందేళ్ళ యుద్ధంలో దెబ్బతిన్న మఠం ఇది. చర్చిలో సగభాగానికి కప్పు లేదు, స్తంభాల మధ్య ఆకాశం కనబడుతుంది. ఎదురుగా నది, చెట్ల నీడ, పక్కనే క్యాంపింగ్ స్థలం. గుడారం తెచ్చుకునేవాళ్ళకి ఈ లోయలో ఇదే నా మొదటి ఎంపిక. ఓపిక ఉన్నవాళ్ళు లోయ వదిలి పైన కోస్ అనే బండరాళ్ళ పీఠభూమి మీదికి ఎక్కొచ్చు. గంటసేపు నెమ్మదిగా ఎక్కితే పైన వేరే లోకం: పొట్టి ఓక్ చెట్లు, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, కళ్ళ చుట్టూ నల్లటి మచ్చలతో అద్దాలు పెట్టుకున్నట్టుండే గొర్రెలు. పైన నీళ్ళు దొరకవు, జూలై, ఆగస్టు ఎండల్లో మాత్రం వద్దు. మే, జూన్, సెప్టెంబరు నెలలు మేలు.

కాబ్రరేలో పెష్ మెర్ల్ గుహ ఉంది. ఈ యాత్రలో ఒక్కటే చూడగలమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. 1922లో ఇద్దరు కుర్రాళ్ళు కనిపెట్టారు. లోపల చుక్కల గుర్రాల బొమ్మ ఉంది, సుమారు 29 వేల ఏళ్ళ నాటిది. కుడివైపు గుర్రం తల దగ్గర బండ అంచు సహజంగానే గుర్రం తలలా ఉంది. గీసినవాళ్ళు ఆ రాయిని చూసే అక్కడ బొమ్మ వేశారని అర్థమవుతుంది. చుట్టూ చేతుల ముద్రలు, గోడకి చెయ్యి ఆనించి రంగు ఊది వేసినవి. ఇవి నకళ్ళు కావు, అసలువే. ఇలాంటి బొమ్మలకే పేరుపడ్డ లాస్కో గుహకి వెళ్ళినవాళ్ళు చూసేది నకలునే. ఇక్కడివి అసలువి కాబట్టే రోజుకి 700 మందికి మించి రానివ్వరు, టికెట్ ముందే తీసుకోవాలి. ఊళ్ళోంచి గుహకి ఎక్కుడు నిటారుగా ఉంటుంది, చెమట పట్టి లోపలికి వెళ్తే చలి వేస్తుంది. పొడి చొక్కా ఒకటి చేతిలో ఉంచుకోండి.

ఆ తర్వాత సెలే లోట్‌లో కలుస్తుంది, కార్లూ కలుస్తాయి. బూజియెస్ దగ్గర ఇరుకు వంతెన దాటి సాన్ సీర్ లాపోపీకి ఎక్కొచ్చు. నదికి వంద మీటర్ల ఎత్తున కొండ అంచున వేలాడినట్టుండే ఊరు, 2012లో ఫ్రెంచి టీవీ ప్రేక్షకులు తమకి అత్యంత ఇష్టమైన ఊరిగా ఎన్నుకున్నారు. అందం గురించి మాట లేదు. కానీ పగలంతా బస్సుల జనం, గదుల అద్దె ఎక్కువ. అక్కడ బస చేయకండి. పొద్దున్నే ఎక్కి, తొమ్మిదిలోపు చూసి దిగిపోండి. కింద బండని తొలిచి చేసిన పాత పడవల దారి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో గుర్రాలు ఒడ్డున నడుస్తూ పడవల్ని తాడుతో లాగిన దారి అది. నడిచేవాళ్ళు ఉంటారు కాబట్టి సైకిల్ దిగి నడిపించుకు వెళ్ళాలి.

కాఓర్ దాకా మిగిలిన ముక్క ఈ దారిలో బలహీనమైనది. ఉత్తరపు ఒడ్డు రోడ్డు మీద లారీలు కూడా వస్తాయి. వంతెన కనబడిన చోటల్లా ఎడమ ఒడ్డున చిన్న రోడ్డు ఉందేమో చూసుకోండి. కాఓర్‌లో మేము దిగిన హోటల్‌లో సైకిళ్ళకి తాళం వేసిన గది ఉందని బుకింగ్‌లో రాశారు. తీరా చూస్తే వీధిలోకి తెరిచి ఉన్న పెరడు. నాకు కోపం వచ్చింది, చివరికి సైకిళ్ళు గదిలోకే మోసుకెళ్ళాం. 'అకయ్ వేలో' అనే గుర్తు ఉన్న బసల్లో సైకిళ్ళకి భద్రమైన చోటు, పనిముట్లు ఉండాలని నియమం. పట్నంలో ఆ గుర్తు చూసుకునే దిగండి. బుధవారం, శనివారం చర్చి ముందు సంత, మూడు బురుజుల వాలాంత్రే వంతెన మీద సాయంత్రపు నడక, ఇవి రెండూ వదులుకోవద్దు.

ఫిజాక్‌కీ కాఓర్‌కీ మధ్య సైకిల్ షాపు మీద ఆశ పెట్టుకోకండి. రెండు ట్యూబులు, పంపు, చెయిన్ పట్టుకారు దగ్గర ఉండాలి. సన్నటి ఫ్రెంచి వాల్వుకి మన ఇండియా పంపు పట్టదు. రైళ్ళలో సైకిల్‌ని ముందు చక్రంతో హుక్కుకి తగిలించాలి, హుక్కులు కొన్నే ఉంటాయి. కాఓర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆదివారం సాయంత్రపు రైలు నిండిపోతుంది. శనివారం పొద్దుటి సంత చూసుకుని మధ్యాహ్నం రైలు ఎక్కితే మేలు.