ఒక్క ఆటా, ఏడు ఆటలా? ఐస్ హాకీ ఫైనల్‌కు ఏది మేలు?

పిల్లలూ, 2023 నవంబర్ 19 గుర్తుందా? వరసగా పది మ్యాచ్‌లు గెలిచిన మన క్రికెట్ జట్టు అహ్మదాబాద్‌లో పదకొండోది ఓడిపోయింది. అదే ఫైనల్. కప్పు ఆస్ట్రేలియాకు పోయింది. "ఇంకొక్కసారి ఆడిస్తే మనమే గెలుస్తాం" అని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు.

అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో నిజంగానే ఇంకొక్కసారి ఆడిస్తారు. అక్కడి స్టాన్లీ కప్ ఫైనల్‌లో అవే రెండు జట్లు మళ్లీ మళ్లీ తలపడతాయి. ముందుగా నాలుగు గెలిచినవాళ్లదే కప్పు. చెరి మూడు గెలిస్తే ఏడో ఆట. 1939 నుంచీ ఇదే పద్ధతి. మొదటి రెండు ఆటలు లీగ్‌లో మెరుగ్గా ఆడిన జట్టు ఊళ్లో, తర్వాతి రెండు అవతలివాళ్ల ఊళ్లో, ఆపైన ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ.

ఒలింపిక్స్‌లో బంగారు పతకానికి ఒకే ఒక్క ఆట. 2010లో వాంకూవర్‌లో కెనడా, అమెరికా 2-2తో సమంగా నిలిచాయి. ఓవర్‌టైంలో సిడ్నీ క్రాస్బీ ఒక్క గోల్ కొట్టాడు, అయిపోయింది. 1994లో అయితే స్వీడన్, కెనడాల ఫైనల్ షూటౌట్ దాకా, అంటే ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోల్‌కీపర్ మీదికి వెళ్లి గోల్ కొట్టే పోటీ దాకా, వెళ్లింది. అందులో పీటర్ ఫోర్స్‌బర్గ్ కొట్టిన గోల్‌తో స్వీడన్ తపాలా బిళ్లే వేసుకుంది! నాకు మాత్రం షూటౌట్ అంటే, మూడు గంటలు పరీక్ష రాయించి చివరికి బొమ్మా బొరుసా వేసి ఫస్ట్ ర్యాంకు ఇచ్చినట్టుంటుంది. స్టాన్లీ కప్‌లో ఆ గొడవ లేదు. సమమైతే ఇరవై నిమిషాల చొప్పున ఆడిస్తూనే ఉంటారు, గోల్ పడేదాకా, అర్ధరాత్రి దాటినా సరే.

అసలు ఐస్ హాకీలో గోల్స్ తక్కువ, అదృష్టం ఎక్కువ. పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఎవరి స్కేటుకో తగిలి, దారి మళ్లి లోపలికి దూరుతుంది. గోలీ, అంటే గోల్‌కీపర్, ఒక రోజు గోడలా నిలబడితే ఎంత గొప్ప జట్టయినా ఇంటికే. లెక్క చూడండి: ప్రతి ఆటలో గెలిచే అవకాశం నూటికి అరవై ఉన్న జట్టుకు, ఏడు ఆటల పోరులో అది దాదాపు డెబ్బై ఒకటికి పెరుగుతుంది. అదృష్టాన్ని రోజుల తరబడి వెంటేసుకు తిరగడం కష్టం కదా!

పడిపోయినవాళ్లు లేవడానికీ టైముంటుంది. 1942లో టొరంటో మొదటి మూడూ డెట్రాయిట్‌కు ఓడి, తర్వాతి నాలుగూ గెలిచి కప్పెత్తింది. ఫైనల్లో అలా గెలిచిన జట్టు ఇప్పటికీ అదొక్కటే.

సాగదీతా లేకపోలేదు. ఒక జట్టు 4-0తో ఊడ్చేస్తే చూసేవాళ్లకు ఉత్సాహం చల్లారిపోతుంది. ఒలింపిక్స్‌కేమో అన్ని జట్ల ఆటలూ కలిపి రెండు వారాలే, ఏడాటలు పెట్టే వీలే లేదు.

అయినా నా ఓటు ఏడాటలకే. నిజం చెప్పాలంటే ఆ ఏడోదాని కోసమే, ఎందుకంటే అక్కడ ఒలింపిక్స్ ఉత్కంఠ కూడా దొరుకుతుంది. 2024లో ఎడ్మంటన్ కూడా మూడు ఓడి, మూడు గెలిచింది. ఏడో ఆటలో ఫ్లోరిడా చేతిలో 2-1తో ఓడింది. ఇంకొక్కసారి అందామంటే ఎనిమిదోది లేదు.