సీసీఎన్ఏకి ఏం చదవాలి? ఎగ్జామ్ టాపిక్స్ పీడీఎఫ్‌ను చాలాకాలం వాడాక

సీసీఎన్ఏ అంటే సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్. దాని 200-301 పరీక్షకి ఏమేం వస్తాయో చెబుతూ సిస్కో ఉచితంగా ఇచ్చే ఎగ్జామ్ టాపిక్స్ పీడీఎఫ్‌ను నేను చాలాకాలంగా వాడుతున్నాను. మొదటిసారి పరీక్ష రాసినప్పుడూ, సర్టిఫికెట్‌కి ఉన్న మూడేళ్ల గడువు దగ్గరపడి మళ్లీ రాసినప్పుడూ, ఇప్పుడు టీమ్‌లో కొత్తవాళ్లకు ప్లాన్ వేసిచ్చేటప్పుడూ ముందు తెరిచేది దాన్నే. ఏది చదవాలో, ఏది ఎంతవరకు చదవాలో తేల్చుకోవడానికి నాకు దీనికంటే పనికొచ్చింది ఇంకోటి లేదు.

తెరవగానే అందరి కళ్లూ పరీక్షలో ఒక్కో భాగానికి ఉన్న శాతాల మీద పడతాయి. ఐపీ కనెక్టివిటీ 25, నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20, నెట్‌వర్క్ యాక్సెస్ 20, సెక్యూరిటీ 15, ఐపీ సర్వీసెస్ 10, ఆటోమేషన్ 10. ఇవి చూడాల్సినవే. కానీ నా టైమ్‌ని నిజంగా ఆదా చేసింది ప్రతి లైన్ మొదట్లో ఉండే మాట. 'కాన్ఫిగర్ అండ్ వెరిఫై' అని ఉంటే ప్యాకెట్ ట్రేసర్ (సిస్కో నెట్‌వర్క్ సిమ్యులేటర్) తెరిచి చేతులారా చేయాల్సిందే. 'డిస్క్రైబ్' అని ఉంటే అది ఎందుకు ఉంది, ఎలా పనిచేస్తుంది అన్నది తెలిస్తే చాలు. సింగిల్ ఏరియా ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారుల గురించి ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) మొదటి రకం. అందుకే రెండు రౌటర్లలో ఒకదానిలో హలో టైమర్ (పలకరింపు సందేశాల మధ్య విరామం) కావాలని మార్చి, వాటి నైబర్‌షిప్ ఎలా పడిపోతుందో చూసి, మళ్లీ సరిచేసేదాకా దాన్ని వదలకూడదు. హెచ్ఎస్ఆర్‌పీ (ఒక రౌటర్ ఆగిపోతే ఇంకోటి అందుకునేలా చేసేది) లాంటివి రెండో రకం. రౌటర్లు పంచుకునే వర్చువల్ ఐపీ, యాక్టివ్, స్టాండ్‌బై అర్థమైతే ముందుకు వెళ్లిపోవచ్చు. వాటి కమాండ్ల మీద వారాలు పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఆ టైమ్ అంతా ఏ ట్రాఫిక్‌ని వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే ఏసీఎల్‌లకు దక్కాల్సింది.

ఇక ఈ జాబితాలో లోటు గురించి. ఐపీవీ4 సబ్‌నెటింగ్‌కి (అడ్రస్‌లను చిన్న నెట్‌వర్క్‌లుగా విడగొట్టడానికి) ఇందులో ఉన్నది ఒక్క లైనే. చూసేవాళ్లకు అదీ మిగతావాటిలాంటి ఒక టాపిక్ అనిపిస్తుంది, కానీ పరీక్ష మొత్తానికీ పునాది అదే. 192.168.10.77 స్లాష్ 26 (మొదటి 26 బిట్లు నెట్‌వర్క్‌వి) అనగానే మొదటి అడ్రస్ అయిన నెట్‌వర్క్ 64, చివరి అడ్రస్ అయిన బ్రాడ్‌కాస్ట్ 127 అని కాగితం లేకుండా తట్టాలి. అది తట్టినవాళ్లకు ఏసీఎల్‌లో వైల్డ్‌కార్డ్ (సబ్‌నెట్ మాస్క్‌ని తిరగేసిన రూపం) 0.0.0.63 అదే వస్తుంది, ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ కమాండ్‌లోనూ అదే లెక్క. పరీక్ష టైమ్ 120 నిమిషాలు, దాటేసిన ప్రశ్నకు వెనక్కి వెళ్లలేం. అక్కడ కూర్చుని లెక్కలు వేసుకుంటూ ఉంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. జాబితాలో ఎక్కడున్నా సరే, సబ్‌నెటింగ్‌ని ముందు పెట్టి, చివరి రోజు దాకా రోజూ కొంచెం చేయమంటాను.

రౌటింగ్ టేబుల్ (రౌటర్ దగ్గరుండే దారుల పట్టిక) గురించి ఉన్న లైన్లు కూడా చూడ్డానికి చిన్నవే, లోపల మాత్రం చాలా ఉంది. 10.1.0.0 స్లాష్ 16కి చేత్తో రాసిన ఒక స్టాటిక్ రూట్, 10.1.1.0 స్లాష్ 24కి ఓఎస్‌పీఎఫ్ రూట్ ఉన్నాయనుకోండి. 10.1.1.200కి వెళ్లాల్సిన ప్యాకెట్ ఏ దారి పడుతుంది? స్టాటిక్‌కి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఎంత తక్కువైతే అంత నమ్మకం) 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110 కాబట్టి స్టాటిక్ అనేవాళ్లే ఎక్కువ. కానీ ప్యాకెట్ వెళ్లేది ఓఎస్‌పీఎఫ్ దారిలోనే. ఎందుకంటే అడ్రస్‌కి సరిపోయే రూట్లలో రౌటర్ ముందు చూసేది స్లాష్ తర్వాతి సంఖ్య పెద్దగా ఉన్నదాన్ని, అంటే పొడవైన ప్రిఫిక్స్‌ని. ఒకే ప్రిఫిక్స్‌కి రెండు చోట్ల నుంచి రూట్లు వచ్చినప్పుడే డిస్టెన్స్ పోలిక వస్తుంది. ఇది ఒక్కసారి ల్యాబ్‌లో కళ్లారా చూస్తే ఇక మర్చిపోరు. 25 శాతం ఉన్న భాగానికి గుండెకాయ ఇదే అని నా నమ్మకం.

ఆటోమేషన్‌కి పెద్ద భయం అక్కర్లేదు. జేసన్ (డేటా రాసే ఒక ఫార్మాట్) చూసి ఏది కీ, ఏది వాల్యూ, ఏది లిస్ట్ అని చెప్పగలిగితే, నెట్‌వర్క్‌ని ఒకచోట నుంచి నడిపే కంట్రోలర్, దానితో ప్రోగ్రామ్‌లు మాట్లాడే రెస్ట్ ఏపీఐల పని తెలిస్తే చాలావరకు అయిపోయినట్టే. ప్రోగ్రామింగ్ రాదని ఈ 10 శాతాన్ని మొత్తంగా వదిలేయకండి.

మొదలుపెట్టే ముందు పీడీఎఫ్ మీద వెర్షన్ నంబర్ చూసుకోండి. 2024 ఆగస్టులో 1.1 అమల్లోకి వచ్చింది. ఆటోమేషన్ టూల్స్‌లో పప్పెట్, చెఫ్ పోయి టెర్రాఫామ్ వచ్చింది, ఏఐ, మెషీన్ లెర్నింగ్ గురించి ఒక లైన్ చేరింది. సీనియర్లు ఇచ్చిన పాత నోట్స్ చాలావరకు ఇప్పటికీ పనికొస్తాయి. దాన్ని ఈ జాబితా పక్కన పెట్టుకుని లేనివి కొట్టేయండి, కొత్తవి రాసుకోండి. ఒక పూట కూర్చుంటే అయిపోయే పని.