బ్యాటరీ సైకిలా, పాత స్కూటరా?
నల్లగొండలో పానగల్ నుంచి గడియారం సెంటర్ దాకా నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణానికి కారు భారమనుకునేవారికి బ్యాటరీ సైకిలు, సెకండ్ హ్యాండ్ పెట్రోలు స్కూటరు రెండూ అందుబాటులో ఉన్నవే. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటని సైకిలుకు రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. రాత్రి బ్యాటరీని ఊడదీసి ఇంట్లోని సాకెట్‌కు పెడితే తెల్లారేసరికి ఛార్జి ఎక్కుతుంది. అయితే మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో నిలిపితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది కనుక నీడ వెతుక్కోవాలి. మా ఆఫీసు వేపచెట్టు కింద చోటుకు పొద్దున్నుంచే పోటీ. స్కూటరుకు ఆ బెంగ లేదు, 25 కిలోల బియ్యం బస్తానైనా మోస్తుంది, కానీ ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పేరు మార్పిడి ఖర్చులు ధరకు కలుపుకోవాలి. ఒంటరిగా వెళ్లేవారికి నేను సైకిలునే సూచిస్తాను.