గుర్తు లేని గాజు గిన్నె వయసు: టార్చి మేలా, వేలికొస మేలా?

నా బల్ల మీద రెండు పచ్చ గాజు గిన్నెలున్నాయి. ఒకటి నెల్లూరు మూలాపేట ఇంట్లో మా నాయనమ్మ పంచదార పోసుకున్నది. రెండోది ఒక పాత సామాను దుకాణంలో “దొరల కాలం నాటిది” అని నాకు అంటగట్టినది. రెండింటి మీదా కంపెనీ పేరు లేదు, అంకె లేదు.

ఇలాంటప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది అతినీలలోహిత టార్చి. చీకటి గదిలో గిన్నె నిమ్మపచ్చగా వెలిగిపోతుంటే ఎవరికైనా మతి పోతుంది. నాకూ పోయింది. దుకాణం గిన్నె వెలిగింది, నాయనమ్మది వెలగలేదు. ఆ వెలుగు చూసే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

తీరా ఆలోచిస్తే ఆ వెలుగు చెప్పేది గాజులో యురేనియం ఉందని, అంతే. యూరప్‌లో 1830ల నుంచి యురేనియం కలిపి గాజు పోస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వాలు ఆ ఖనిజాన్ని బిగబట్టడంతో ఆగింది, తర్వాత మళ్లీ మొదలైంది. ఇప్పటికీ కొత్తవి పోసేవాళ్లున్నారు. పైగా మాంగనీసు కలిసిన గాజు కూడా మసకగా పచ్చగా వెలుగుతుంది. టార్చి కొనాలనుకుంటే 365 నానోమీటర్లది కొనండి. 395ది తన ఊదా వెలుతురే ఎక్కువ చిమ్మి కళ్లను మోసం చేస్తుంది.

నా ఓటు వేలికొసకే. గిన్నె బయట ఉబ్బెత్తు పువ్వు ఉందనుకోండి. సరిగ్గా దాని వెనక, లోపలి వైపు వేలు పెట్టండి. అక్కడ గుంట తగిలితే అది అచ్చులో ఊదిన గాజు. లోపల నున్నగా ఉంటే, కరిగిన గాజును అచ్చులో పోసి పైనుంచి ఒత్తినది. ఒత్తిడి గాజు 1820ల తర్వాతి పద్ధతి. అచ్చు ముక్కలు కలిసే చోట గాజు మీద పడే గీత కనబడలేదని మాత్రం చేత్తో ఊదినదే అనుకోకండి, మంటకు చూపి ఆ గీతను కరిగించేసేవారు. సీసాలకైతే గీత మూతి అంచు మీదుగా సాగిందో లేదో చూడాలి. సాగితే దాదాపుగా యంత్రపు సీసా, అంటే ఓవెన్స్ యంత్రం వచ్చిన 1903కు ఇటువైపుది. ఆకారాన్ని మాత్రం నమ్మవద్దు. గోళీ సోడా సీసా 1870ల నాటి ఆలోచన, అయినా మన చిన్నప్పుడూ అదే ఆకారంలో వచ్చేది.

ఇక అడుగు. గిన్నెను కడప రాయి మీద పెట్టి, రాయికి తగిలే అంచు ఏదో చూసుకోండి. ఏళ్ల తరబడి వాడిన గిన్నెకు అరుగుదల ఆ అంచుకే ఉంటుంది, గీతలు అన్ని దిక్కులకూ పోతాయి. భూతద్దంలో చూస్తే దుకాణం గిన్నె గీతలన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. రాయి అసలు తగలని గుంటలో కూడా ఉన్నాయి! గరుకు కాగితం పని అని అప్పుడు తెలిసింది.

మూడో పద్ధతి తూకం. కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసి, వస్తువును దారంతో అడుగు తగలకుండా ముంచితే వచ్చే అంకెతో దాని పొడి బరువును భాగించాలి. అది నీటికి ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. మా నాయనమ్మ గిన్నెకు 580ని 232తో భాగిస్తే 2.5 వచ్చింది, అంటే మామూలు సోడా గాజు. సీసం బాగా కలిసిన క్రిస్టల్ అయితే 2.9 దాటుతుంది. చెక్కుడు పనివాటికి ఇది బాగుంటుంది గానీ వయసు సంగతి దీనికీ తెలియదు.

నాయనమ్మ గిన్నె లోపల పువ్వుల గుంటలు వేలికి తగిలాయి. అడుగున, చేసేటప్పుడు గిన్నెను పట్టి ఉంచిన ఇనుప కడ్డీని విరిచిన మచ్చను సానబట్టిన నున్నటి వలయం ఉంది. ఆమె కాపురానికి వచ్చేనాటికే అది ఆ ఇంట్లో ఉందని మా పెద్దత్త చెప్పింది. ఆ మాటను నేను టార్చి కంటే పై మెట్టున పెడతాను.

దుకాణం గిన్నెను వెనక్కి తీసుకోనన్నారు. యురేనియం గాజులో తినే వస్తువులు ఎందుకని, అందులో పిన్నీసులు పోశాను.