సింగపూర్‌లో పది రోజులకు ఫ్లాట్ అద్దెకిస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి

సింగపూర్ ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు బసకు డబ్బు పంపే ముందు దయచేసి ఇది చదవండి.

మేము న్యూజెర్సీలో ఉంటాం. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి, మేము న్యూయార్క్ నుంచి వెళ్లి తొమ్మిది రాత్రులు అక్కడ కలిసి గడపాలనుకున్నాం. నాన్నకు షుగర్. వేళకు ఇంత అన్నం, చారు ఉండాలని వంటగది ఉన్న చోటు వెతికాను. ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన కనిపించింది. రెండు పడకగదులు, గ్యాస్ పొయ్యి, కిటికీ పక్కన నీలం రంగు కుక్కర్. హోటల్లో రెండు గదులకయ్యే ఖర్చులో దాదాపు సగం. ఇంటి యజమానినని చెప్పుకున్న వ్యక్తి అడిగినట్టే 1,350 డాలర్లు నేరుగా అతని ఖాతాకు పంపాను.

బయలుదేరే ముందు అతని నుంచి సందేశం వచ్చింది: “అరైవల్ కార్డులో ఈ చిరునామా రాయవద్దు. ఏదైనా హోటల్ పేరు రాయండి.” సింగపూర్ చేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపవలసిన పత్రం అది. పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ఎదురైతే వెంటనే మూసేయండి. ఎక్కడ దిగుతున్నామో అందులో ఆ ప్రభుత్వానికి చెప్పాలి. అక్కడ అబద్ధం రాయమన్నప్పుడే నేను ఆగిపోవలసింది. అసలు చిరునామానే రాశాను కానీ, కట్టిన డబ్బు పోతుందన్న భయంతో ఆ ఇంటిని వదులుకోలేకపోయాను.

18 గంటలకు పైగా విమానంలో కూర్చుని తెల్లవారుజామున దిగాం. తాళంచెవి మెట్ల కింద పాత సైకిల్‌కు కట్టిన చిన్న పెట్టెలో ఉంది. వంటగది అలమర తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది: సెక్యూరిటీ సిబ్బందితో మాట్లాడవద్దు, ఎవరైనా అడిగితే బంధువులమని చెప్పండి. అమ్మ దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుని, “మనమేమైనా దొంగతనంగా ఉంటున్నామా నాయనా?” అని అడిగింది.

మూడో రోజు నడకకు వెళ్లివస్తున్న నాన్నను గేటు దగ్గర ఆపారు. ఆయనకు ఫ్లాట్ నంబరు తప్ప ఏమీ తెలియదు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. మేము సామాను దించేదాకా 72 ఏళ్ల నాన్న కింద సూట్‌కేసు మీద, మందుల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. డబ్బు తీసుకున్నవాడు ఒక్కసారి కూడా ఫోను ఎత్తలేదు. ఒక్క డాలరు తిరిగి రాలేదు.

గేటు దగ్గరి వారిని నేను తప్పుపట్టను. సింగపూర్‌లో ప్రైవేటు ఇంటిని 3 నెలలకన్నా తక్కువ కాలానికి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లకైతే కనీస గడువు 6 నెలలు, పర్యాటకులకు అవి ఇవ్వనే కూడదు. ఎంత అందమైన ఫోటోలున్నా, ఎంతమంది మెచ్చుకుంటూ రాసినా ఈ నియమం మారదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. మాకు కావలసినది అక్కడ చట్టబద్ధంగానే దొరుకుతుంది. హోటల్‌లాంటి సేవలతో అద్దెకిచ్చే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లలో కనీసం 7 రాత్రులు ఉంటే చాలు, వంటగదితో సహా ఇస్తారు. మేము ఉండదలచినది తొమ్మిది! హోటళ్లయితే లైసెన్సు ఉన్నవాటి జాబితాను అక్కడి హోటళ్ల లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. పది నిమిషాల పని.

చివరికి లిటిల్ ఇండియాలో రెండు గదులు దొరికాయి. పక్కనే టెక్కా సెంటర్, చిన్న చిన్న తిండి దుకాణాలు ఒకేచోట ఉండే హాకర్ సెంటర్. నాన్న రోజూ ఉదయం అక్కడ దోసె తిని, వేళకు మందు వేసుకున్నారు. పిల్లలు లక్సా నూడుల్స్, చికెన్ రైస్ అంటూ ఒక్కో దుకాణం ముందు వరుసలో నిలబడ్డారు. హాకర్ సెంటర్ల సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు తెచ్చుకున్న ఊరది. వంటగది కోసం నేను అంత తాపత్రయపడవలసిన అవసరమే లేకపోయింది.

ఆ ప్రకటన నిన్న మళ్లీ కనిపించింది. పేరు మార్చారు, అద్దె ఇంకా తగ్గించారు. ఫోటోలో కిటికీ పక్కన అదే నీలం కుక్కర్ ఉంది.