చలికాలానికి తేనెపెట్టెలో పాకమా, పొడి చక్కెరా?

చలి మొదలయ్యేలోపు తేనెపెట్టెని వెనక వైపు నుంచి కాస్త ఎత్తి చూడండి, తేలిగ్గా లేచిందంటే లోపల తేనె చాలదు. అప్పుడు పాకం పొయ్యాలా, పొడి చక్కెర (పాకం చేయని మామూలు పలుకుల చక్కెర) పెట్టాలా అన్నది మన ఇష్టం కంటే వాతావరణాన్ని బట్టే తేలుతుంది.

ఇంకా వెచ్చగా ఉంటే నా ఓటు పాకానికే. బరువు లెక్కన రెండు పాళ్లు చక్కెర, ఒక పాలు నీళ్లు. తేనెటీగలు దాన్ని తేనెపట్టు గదుల్లోకి చేర్చి, తేమ సుమారు 18 శాతానికి దిగేదాకా ఆరబెట్టి మైనంతో మూత వేస్తాయి, అంటే అది నిజమైన నిల్వ. కానీ దీనికి టైమ్ కావాలి. 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే పాకాన్ని దాదాపు ముట్టుకోవు, పైగా ఆలస్యంగా పోస్తే లోపల తేమ పెరిగి, పెట్టె మూత కింద నీటి బొట్లు కట్టి, గుంపుగా ముడుచుకున్న ఈగల మీదే పడుతుంది. చలిని తట్టుకునే ఈగలు తడిస్తే మాత్రం తట్టుకోలేవు, పాపం.

చలి ముదిరాక పెట్టే పొడి చక్కెర నిల్వ కోసం కాదు, ప్రాణం నిలబెట్టడానికి. ఫ్రేముల (ఈగలు తేనెపట్టు కట్టే చట్రాల) మీద న్యూస్‌పేపర్ పరిచి, చక్కెర పోసి, పైన కొంచెం నీళ్లు చిలకరిస్తే చాలు. ఈగలు కాగితాన్ని అంచుల నుంచి కొరుక్కుంటూ పైకొచ్చి తింటాయి, చక్కెర కూడా లోపలి తేమని కొంత పీల్చుకుంటుంది.

ఏది పెట్టినా తెల్ల చక్కెరే వాడండి. బెల్లం, బ్రౌన్ షుగర్ అస్సలు వద్దు, బయటికి రాలేని ఆ రోజుల్లో ఈగలకి విరేచనాలు పట్టుకుంటాయి.