టోక్యో స్టార్ హోటళ్లు: ఎక్కడ ఖర్చు పెట్టొచ్చు, ఎక్కడ అనవసరం

టోక్యోలో స్టార్ హోటల్ అనగానే మనవాళ్లు ముందు అడిగేది, ఎన్నో అంతస్తు, కిటికీలోంచి ఫుజి పర్వతం కనిపిస్తుందా అని. చలికాలం పొద్దున్నే గాలి తేటగా ఉంటే కనిపిస్తుంది. వేసవిలో పోతే ఆ ఆశ వదులుకోవడమే మంచిది. మాతో మా అత్తయ్య కూడా వచ్చారు. మోకాళ్ల నొప్పుల మనిషిని రోజంతా గుళ్లూ వీధులూ తిప్పలేం కాబట్టి, హోటల్లో ఉన్నచోటే జపాన్ ఎంత తెలుస్తుందన్నదే చూసుకుని బుక్ చేశాం.

అలా చూస్తే నా ఓటు ఒటెమాచిలోని హోషినోయా టోక్యోకి. చుట్టూ బ్యాంకుల, ఆఫీసుల టవర్లు. మధ్యలో 17 అంతస్తుల ర్యోకాన్, అంటే చాపలూ వేడినీటి స్నానాలూ ఉండే జపాన్ సంప్రదాయ బస. 2016లో తెరిచారు. గుమ్మంలోకి రాగానే చెప్పులు విప్పమంటారు. ఇక అక్కణ్నుంచి కాలికింద తాతామి చాపే, లిఫ్టులో కూడా. "అల్లుడుగారూ, చెప్పులు బయట విప్పమన్న స్టార్ హోటల్ నా ఎరుకలో ఇదొక్కటేనండీ" అని అత్తయ్య తెగ ముచ్చటపడ్డారు. ప్రతి అంతస్తులోనూ ఆ అంతస్తు వాళ్లకోసమే ఒక హాలు ఉంటుంది. టీ, చిరుతిళ్లు అక్కడే. రద్దీ లేదు, గోల లేదు.

పై అంతస్తులో వేడినీటి స్నానం. సుమారు 1,500 మీటర్ల లోతు నుంచి తోడిన నీళ్లు, పలచటి డికాక్షన్ రంగులో, ఉప్పగా ఉంటాయి. కప్పు ఉండదు, పైన ఆకాశమే. ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడిగా ఉన్నా, లోపల ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. మనవాళ్లకు టెన్షన్ వచ్చేది ఇక్కడే. ముందు చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకుని, నురగ పోయేదాకా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. తువ్వాలు నీళ్లకు తగలకూడదు. మా ఆవిడ ధైర్యం చేసి వెళ్లి గంటసేపు రాలేదు. అత్తయ్య మాత్రం "నాకు గదిలో తొట్టి చాల్లే అమ్మా" అనేశారు. అలాంటివాళ్లకు గదిలో తొట్టి కూడా లోతుగానే ఉంటుంది. యుకాతా, అంటే స్నానానికి వెళ్లొచ్చేటప్పుడు వేసుకునే పలచటి నూలు కిమోనో, తొడుక్కునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే తీరు.

రేటు మాత్రం గుండె పట్టుకునేలా ఉంటుంది. ఒక్క రాత్రి చాలు. మిగతా రాత్రులకు మామూలు బిజినెస్ హోటల్ చూసుకుని, పాత పెద్ద హోటళ్లకు అతిథిగా వెళ్లొస్తే సరిపోతుంది.

ఆ పాతవాటిలో ముందు చెప్పాల్సింది ఇంపీరియల్ హోటల్. 1890 నాటి సంస్థ. అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన దాని భవనం 1923 సెప్టెంబర్ 1న ప్రారంభమైంది. మహాభూకంపం వచ్చిందీ అదే రోజు. ఆ భవనం ఇప్పుడక్కడ లేదు. ప్రస్తుత మెయిన్ బిల్డింగ్ 1970ది. అందులో తోకో-అన్ అనే తేనీటి గది ఉంది, అంటే జపాన్ సంప్రదాయ టీ వేడుక జరిపే చోటు. డిజైన్ ఆర్కిటెక్ట్ మురానో తోగోది. కింద కూర్చోలేని వాళ్లకు బల్ల, కుర్చీల పద్ధతి కూడా ఉంది. ఇది ఈమధ్య టూరిస్టుల కోసం పుట్టిందేమో అనుకున్నాను. కాదు, 1872లో క్యోటో ఎగ్జిబిషన్‌కి వచ్చే విదేశీయుల కోసం టీ వేడుకలో ఉరాసెంకె అనే సంప్రదాయపు గురువే ఏర్పాటు చేశారట. ముందు చిక్కుడు గింజల ముద్దతో చేసిన మిఠాయి ఇస్తారు. అది పూర్తిగా తినేశాకే టీ. గిన్నె ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేత్తో కాస్త కాస్తగా రెండుసార్లు తిప్పాలి, దాని ముఖభాగానికి మన పెదవి తగలకుండా. చివరి గుక్క చప్పుడయ్యేలా జుర్రాలి. పాలూ చక్కెరా లేని మచ్చాకి, అంటే ఆ ఆకుపచ్చ తేయాకు పొడి టీకి, అత్తయ్య మొహం చిట్లించారు, కానీ మిఠాయి బలం మీద పూర్తి చేశారు.

ఒకురా హోటల్ లాబీలో కూర్చోవడానికి డబ్బులక్కర్లేదు. 1962 నాటి లాబీని తనిగుచి యోషిరో రూపొందిస్తే, పాత భవనం పడగొట్టి 2019లో కొత్తది తెరిచినప్పుడు ఆయన కొడుకు యోషియో దాన్ని మళ్లీ అలాగే కట్టారు. గుండ్రటి బల్ల చుట్టూ ఐదు కుర్చీలు, పైనుంచి చూస్తే రేగుజాతి ఉమే పువ్వులా కనిపిస్తాయి. న్యూ ఒటానీలో గదులు సాదాసీదా. 400 ఏళ్ల చరిత్ర ఉన్న తోట మాత్రం తప్పక చూడాలి. సుమారు పదెకరాలు.

నిరాశపడింది ఒక గాజు టవర్ హోటల్లో, పేరెందుకులెండి. "కల్చర్ ప్యాకేజీ" అని గట్టిగా వసూలు చేసి, కిమోనో తొడిగి లాబీలో ఫొటోలు తీసి పంపేశారు. పైగా శాకాహారమని బుకింగ్‌లోనే రాసినా, పొద్దున్న వచ్చిన మిసో సూప్‌లో ఎండుచేప రసం ఉంది. జపాన్‌లో దాషి అనే ఈ రసం పులుసుల్లో, సాస్‌లలో, కూరగాయల్లో కూడా పడుతుంది. చేప ముక్కలు కనిపించవు కాబట్టి చాలామంది దాన్ని మాంసాహారంగా లెక్కేయరు. "చేపల దాషి కూడా వద్దు, సముద్రపు నాచు కొంబుతో చేసినదైతే సరే" అని విడిగా చెప్పాలి.

రేటు చూసేటప్పుడు 10 శాతం కన్సంప్షన్ టాక్స్, సర్వీస్ చార్జీ కలిపి ఉన్నాయో లేదో చూసుకోండి. టిప్పు ఇవ్వక్కర్లేదు. క్యోటో వెళ్లేవాళ్లు పెద్ద సూట్‌కేసులు ఫ్రంట్ డెస్క్‌లో ఇచ్చేస్తే మామూలుగా మర్నాటికి అక్కడి హోటల్‌కి చేరతాయి. బుల్లెట్ రైల్లో చేతిసంచితో కూర్చోవచ్చు. ఇక అన్నం, సాంబారు లేనిదే గడవని వాళ్లకు ఒటెమాచి మంచి మకాం: తోజాయ్ మెట్రో లైన్ ఎక్కితే మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్ వరకు రైలు మారకుండా వెళ్లిపోవచ్చు.